బరువులెత్తడంలోనూ ఓ లెక్కుంది!

2000వ సంవత్సరంలో జరిగిన సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి ఒక పద్ధతిలో 110 కిలోలు, మరో పద్ధతిలో 130 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలుచుకుంది. 130 కిలోలంటే రెండున్నర సిమెంటు బస్తాల పైమాటే! అంత బలం ఒక్కరోజులో రాదని మీకు తెలుసు. మరి రోజూ ఎంత బరువు ఎత్తాలి? ఎన్నిసార్లు ఎత్తాలి? ఈ ప్రశ్నకు చక్కని లెక్క కట్టినవాడు వస్తాదు కాదు, ఒక వైద్యుడు!

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని షికాగో సైనిక ఆసుపత్రిలో థామస్ డీలార్మ్ అనే యువ డాక్టరు పనిచేసేవాడు. మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులు అక్కడ ఎందరో ఉండేవారు. కదలిక లేక వారి తొడ కండరాలు సన్నబడిపోయేవి. చిన్న బరువును చాలాసార్లు ఎత్తించడమే అప్పటి చికిత్స. దానివల్ల ఓపిక పెరిగేది గాని, బలం అంతగా పెరిగేది కాదు. డీలార్మ్ తాను చిన్నతనంలో కీళ్ళవాత జ్వరంతో మంచం పట్టి, ఆ తరువాత బరువులెత్తి కోలుకున్నవాడు. అందుకే సైనికుల పాదాలకు ఇనుప చెప్పులు తొడిగి, వాటికి పెద్ద బరువులు తగిలించి, తక్కువసార్లు ఎత్తించాడు. కాళ్ళు బలపడ్డాయి! 1945లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు.

మొదట్లో ఆయన ఏడు నుంచి పది విడతలు చేయించేవాడు. అన్ని అక్కరలేదని గ్రహించి 1948 నాటికి మూడు విడతలకు కుదించాడు. ఒక మనిషి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు 20 కిలోలు అనుకోండి. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది:

మొదటి విడత: సగం బరువు, 10 కిలోలు, పదిసార్లు.
రెండవ విడత: ముప్పాతిక బరువు, 15 కిలోలు, పదిసార్లు.
మూడవ విడత: పూర్తి బరువు, 20 కిలోలు, పదిసార్లు.

బలం పెరిగిన కొద్దీ ఆ 20 కిలోలు 21, 22 అవుతాయి. కీలకమంతా ఇక్కడే ఉంది. ఎందుకో చూద్దాం.

మన కండరంలో వేలకొద్దీ పోగులుంటాయి. అవి గుంపులు గుంపులుగా నాడుల ఆజ్ఞకు లోబడి పనిచేస్తాయి. తేలిక బరువుకు చిన్న గుంపులు చాలు. బరువు పెరిగితేనే పెద్ద గుంపులకు పిలుపు వస్తుంది. పిలుపు రాని పోగు బలపడదు. మొదటి కొద్ది వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడులు ఈ పిలుపును బాగా నేర్చుకోవడం వల్లనే. పోగులు లావెక్కడం తరువాతి మాట.

విడతకూ విడతకూ మధ్య విశ్రాంతి ఎందుకు? బరువెత్తేటప్పుడు కండరంలోని క్రియేటిన్ ఫాస్ఫేట్ నిల్వ కొన్ని సెకన్లలోనే తరిగిపోతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే అది చాలావరకు మళ్ళీ నిండుతుంది.

1951లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జినోవియెఫ్ అనే వైద్యుడు ఈ వరుసను తలకిందులు చేశాడు. అలసట రాకముందే పూర్తి బరువెత్తించి, తరువాత తగ్గిస్తూ పోయాడు. అలా చేసినా బలం పెరిగింది! అంటే వరుస కంటే ముఖ్యమైనది, పని క్రమంగా పెరగడమన్నమాట.

మరి మీరు? ఇనుప గుండ్ల కోసం వెతకనక్కరలేదు. గోడకు చేతులాన్చి పదేసి దండేలు మూడు విడతలు తీయండి. అవి తేలికైతే బల్లకు, తరువాత నేలకు మారండి. వంగిన కొద్దీ మీ చేతులమీద పడే బరువు పెరుగుతుంది. నిజమైన బరువులెత్తాలంటే మాత్రం వ్యాయామ ఉపాధ్యాయుని ఎదుటే, ఉత్త కర్రతో మొదలుపెట్టండి. నడుము వంకరపోతే ఆ బరువు మీకు ఎక్కువని గుర్తు. పక్కవాడు ఎంత ఎత్తాడన్నది మీకు అనవసరం. నిన్నటి మీ లెక్కకు నేడు కొంచెం కలిస్తే చాలు!