దుబ్బు మొదట్లో ఎవరున్నారు?

పిఠాపురం, గొల్లప్రోలు మధ్య ఏలేరు నీళ్లు పారే చేలల్లో సార్వా వరి పొట్టకొచ్చిందంటే రైతు వంగి దుబ్బు చీల్చి చూస్తాడు. సుడిదోమ కాపురం అక్కడే, నీటికి కాస్త పైన, ఎండ తగలని చోట. గుంపులుగా చేరి రసం పీల్చేస్తే చేలో గుండ్రంగా కొంత మేర పండుబారుతుంది. ఆ సుడి వెడల్పవుతూ పోయి పైరంతా పడిపోతుంది.

ఈ భయంతోనే చాలామంది నాటిన నెలకే పంపు భుజానికెత్తుకుంటారు. నాలుగు ముడుచుకున్న ఆకులు కనబడితే చాలు, మందుల కొట్టు నుంచి అరువు మీద డబ్బా వచ్చేస్తుంది. దోమ ఉధృతికి సగం కారణం ఈ తొందరే అంటాను. తల్లి దోమ గుడ్లు పెట్టేది ఆకు ఒరను చీల్చి దాని లోపల. ఒక్కోటి వందల్లో పెడుతుంది. పైన చల్లిన మందు చాలావరకు అక్కడిదాకా చేరదు. బయట తిరిగే సాలీళ్లకు మాత్రం తప్పకుండా తగులుతుంది. ఆరు నుంచి తొమ్మిది రోజుల్లో గుడ్లు పగిలి పిల్ల దోమలు బయటికొచ్చేసరికి చేలో వాటిని అడిగే నాథుడుండడు. అందుకే సుడిదోమ ఉన్నచోట సింథటిక్ పైరిత్రాయిడ్లు వాడొద్దని శాస్త్రవేత్తలు మొత్తుకునేది.

ఆ కాపలాదారుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. దుబ్బు మీద రెండు తట్లు తడితే నీటి మీద పరుగెత్తేది తోడేలు సాలీడు. గూడు కట్టదు, వెంటాడి పట్టుకుంటుంది. రోజుకు ఐదు నుంచి పదిహేను పురుగుల్ని తింటుంది. మిరిడ్ నల్లి ఇంకా చిన్నది. మూడు మిల్లీమీటర్లుంటుంది, పచ్చటి ఒంటి మీద నల్లని గుర్తులు. దాన్ని పచ్చదోమ అనుకుని మందు కొట్టేవాళ్లు కొల్లలు. అది సూదిలాంటి మూతిని ఒరలోకి దించి, మందుకు అందని దోమ గుడ్లనే పీల్చేస్తుంది, రోజుకు ఏడు నుంచి పది. అలా పనిచేసే మందు కొట్లో దొరకడం కష్టం. కాకపోతే దోమ పెరిగాకే మిరిడ్లు జోరుగా వస్తాయి. ఆ నాలుగు రోజులు ఓపిక పట్టడమే కష్టం.

దేశాలే ఈ పాఠం నేర్చుకున్నాయి. సుడిదోమ దెబ్బకు అల్లాడిన ఇండోనేషియా 1986లో వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. తర్వాత రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని లెక్కపెట్టించే బడులు పెట్టింది. మనకు పొలంబడి వచ్చింది ఆ దారిలోనే. థాయిలాండ్, చైనా, వియత్నాంలలో వరి గట్ల మీద నువ్వుల వంటి పూల మొక్కలు పెంచి చూస్తే మిత్రపురుగులకు తేనె దొరికింది, పురుగుమందు 70 శాతం తగ్గింది, దిగుబడి 5 శాతం పెరిగింది. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గోదావరి జిల్లాల్లో చేల గట్ల మీద కంది వేయడం మనకు తెలిసిందే, నువ్వులూ రెండు వరసలు చల్లితే పోయేదేముంది?

మందే వద్దని చెప్పడం లేదు. ఈనిక దశలో దుబ్బుకు 20, 25 దోమలుంటే, సాలీళ్లూ మిరిడ్లూ పలచగా ఉంటే, కొట్టక తప్పదు. అప్పుడైనా నీళ్లు తీసేసి, పాయలు చేసి, మందు మొదళ్లకు తగిలేలా కొట్టాలి. బుప్రోఫెజిన్ లాంటివి పిల్ల దోమల్ని పొర విడవనివ్వవు, మిత్రపురుగుల్ని అంతగా బాధించవు. మారుటేరు పరిశోధనా స్థానం ఇచ్చిన విజేత, కాటన్ దొర సన్నాలు రకాలు దోమను కొంత తట్టుకుంటాయి. యూరియా అతిగా పోస్తే ఏ రకమైనా దోమకు విందే.

దోమను ఆపే మరో ఉపాయం చేలో కాలిబాటలు. అసలు చిక్కు అక్కడే. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీస్తే గాలీ వెలుతురూ మొదళ్లదాకా దిగుతాయి, దోమకు అది గిట్టదు. కానీ కాగితం మీద లెక్కేస్తే నేలలో పదో వంతుకు కాస్త తక్కువ ఖాళీ పోతుంది. బాట పక్క దుబ్బులు ఎక్కువ పిలకలు పెట్టి ఆ లోటును చాలామటుకు పూడుస్తాయి. అయినా ఎకరానికి ఇన్ని బస్తాలని మాటిచ్చి కౌలుకు చేసే రైతు ఖాళీ జాగా చూసి గుండెలు బాదుకుంటాడు. నాట్ల రోజున బాట తీయమని కూలీలకు భూయజమానే చెబితే ఆ భయం సగం తగ్గుతుంది.