తీగ లేని వీధి దీపం

నడక దారులకు, సైకిల్ బాటలకు సోలార్ దీపాలు పెట్టడంలో పెద్ద లాభం కరెంటు బిల్లు తగ్గడం కాదు, నేల తవ్వి కేబుల్ వేసే ఖర్చు తప్పడం. ఉదాహరణకు, టెక్సస్‌లోని ప్లేనోలో ప్రెస్టన్ రిడ్జ్ ట్రైల్ అనే నడక దారి హైటెన్షన్ లైన్ల వెంట సాగుతుంది. నెత్తిమీద అంత కరెంటు పారుతున్నా ఆ తీగల నుంచి నేరుగా ఒక్క బల్బు కూడా వెలిగించలేరు.

స్తంభం మీద సోలార్ పలక, బ్యాటరీ, కంట్రోలర్, ఎల్‌ఈడీ దీపం. సరంజామా ఇంతే. పొద్దు గూకిందని చెప్పేదీ పలకే. దాని వోల్టేజీ పడిపోగానే కంట్రోలర్ దీపం వెలిగిస్తుంది. రాత్రి పొద్దుపోయాక వెలుగు తగ్గించి, మనిషి దగ్గరికొస్తే పెంచే సెన్సర్లూ ఉన్నాయి.

అసలు చిక్కు చలికాలంతోనే. ప్లేనో 33 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరులో పగలు సుమారు 10 గంటలే, రాత్రి 14 గంటలు. ఛార్జింగ్ తక్కువ, వాడకం ఎక్కువ. అందుకే లెక్క కట్టాల్సింది మండే జూన్‌కు కాదు, డిసెంబరుకు. వరసగా కొన్ని రోజులు మబ్బు పట్టినా తట్టుకునేంత బ్యాటరీ కావాలి. పలక దక్షిణానికి తిరిగి, ఏటవాలుగా ఉండాలి. గుబురు చెట్ల నీడలో మాత్రం ఈ దీపం దండగ.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ది వేరే పద్ధతి. అక్కడ పలకలే పైకప్పు. సైకిల్ తొక్కేవారికి పగలు నీడనిచ్చే ఆ కప్పు సామర్థ్యం 16 మెగావాట్లు.