జీపు కమాన్లూ, మానేరు బురదా

బోయినపల్లి మండలంలో ఎవరింటి ముందైనా పాత మహీంద్రా జీపు కనిపిస్తే ఒకసారి వంగి దాని వెనక కమాన్ కట్ట, అంటే లీఫ్ స్ప్రింగుల కట్ట, చూడండి. పట్టీలన్నీ ఒకే మందంలో ఉండకపోవచ్చు. ఒకటో రెండో మందపాటివి తర్వాత ఎక్కించారని వాటి కోత అంచులే చెప్పేస్తాయి. ఆ బండి ఒకప్పుడు వేములవాడకో కరీంనగర్‌కో జనాన్ని మోసి ఉంటుంది. లోపల కిక్కిరిసినవాళ్లు, వెనక వేలాడేవాళ్లు, టాపు మీద మూటలు. అంత బరువుకు కమాన్లు కూలబడకుండా మిస్త్రీ పట్టీలు పెంచాడు. ఊరూరికీ ఆటోలు వచ్చాక ఆ బేరం పోయింది. ఇప్పుడు అలాంటి బండ్లనే కుర్రాళ్లు కొని, రంగులేసి, గుట్టలెక్కించాలని ముచ్చటపడుతున్నారు. పెద్ద టైర్లు, ముందు ఇనుప బంపరు, టాపు మీద లైట్ల వరస అన్నీ వస్తాయి. కట్టలో మాత్రం పాసింజర్ బేరం నాటి పట్టీలు అలాగే ఉండిపోతాయి. గుట్ట దగ్గర బండిని ఓడించేవి అవే.

కారణం లెక్కలో ఉంది. పొడవు, వెడల్పు మారకుండా ఉంటే పట్టీ బిరుసు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 8 మిల్లీమీటర్లది వేస్తే మందం పెరిగింది మూడో వంతే, బిరుసు మాత్రం దాదాపు 2.4 రెట్లు అవుతుంది. మోసే సత్తువ పెరిగేది మందం వర్గంతో, అంటే 1.8 రెట్లే. పాసింజర్ బండికి ఈ బేరం నష్టమేమీ కాదు. గుట్ట మీద సంగతి వేరు. అక్కడ ముందు కుడి చక్రం బండరాయి ఎక్కుతుంటే వెనక కుడి చక్రం గుంతలోకి దిగాలి. కమాన్ బిరుసుగా ఉంటే ఆ చక్రం దిగదు, గాల్లో వేలాడుతుంది. బరువు తగ్గిన ఖాళీ జీపులో మరీను. అదనపు పట్టీలు తీసేయడం, మిగిలినవాటి మధ్య తుప్పు గీకి మళ్లీ బిగించడం, అరిగిన బుష్షులూ షాకిల్ పిన్నులూ మార్చడం అన్నిటికన్నా చవకైన మార్పు. ఖరీదైన సామాను కొనే పని లేదు కాబట్టి దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

చక్రం గాల్లోకి లేస్తే ఏమవుతుంది? ఇక్కడే డిఫరెన్షియల్ సంగతి తెలియాలి. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటే ఏదో ఒకటి ఈడ్చుకుపోక తప్పదు. అందుకే క్రౌన్ చక్రం మధ్యలో చిన్న గేర్లు పెట్టి రెండు వైపులా వేర్వేరు వేగాలు కుదిరేలా చేశారు. ఈ ఏర్పాటు వేగాన్ని ఎలాగైనా పంచుతుంది గానీ, మెలితిప్పే బలాన్ని, అంటే టార్కును, రెండు వైపులా సమానంగానే పంచుతుంది. ఒక చక్రం జారే బురదలో 20 కిలోగ్రామ్-మీటర్ల టార్కును మాత్రమే ఆపుకోగలిగితే, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అందేది ఆ 20 మాత్రమే. మొదటిది గాల్లో ఉంటే రెండోదానికి దాదాపు సున్నా. ఫోర్ వీల్ వేసినా, ముందు ఒకటీ వెనక ఒకటీ ఐమూలగా లేచాయంటే బండి కదలదు. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ గాల్లో చక్రాలు గిర్రున తిరగడమే.

ఇందులోంచి బయటపడే చిట్కా కూడా అదే సూత్రంలో ఉంది. లో గేర్లో యాక్సిలరేటర్ కొంచెం పట్టి ఉంచి, బ్రేకు మెల్లగా నొక్కాలి. వట్టిగా తిరిగే చక్రానికి బ్రేకు అడ్డం పడుతుంది. దానికి ఎంత టార్కు అందితే నేల మీది చక్రానికీ అంతే అందుతుంది. అక్కడి బ్రేకు కూడా అందులో చాలా భాగం తినేస్తుంది కాబట్టి ఈ చిట్కా కొన్నిసార్లే పనిచేస్తుంది. వట్టిగా తిరిగే చక్రానికే బ్రేకు పట్టకపోతే అసలు పనిచేయదు. పాత జీపు డ్రమ్ముల్లో బురద చేరి ఒక చక్రం పట్టి ఇంకొకటి పట్టకపోవడం మామూలే. కాబట్టి డ్రమ్ములు విప్పి కడగడం కూడా గుట్టలెక్కే విద్యలో భాగమే.

ఇంజన్ చాలదనుకుని పెద్ద ఇంజన్ వేయించాలనుకునేవాళ్లు ఈ జాతి మూలపురుషుడిని చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ ఇంజన్ 60 హార్స్ పవర్ మాత్రమే. టార్కు 142 న్యూటన్-మీటర్లు. మొదటి గేరులో అది 2.66 రెట్లు, లో రేంజిలో ఇంకో 1.97 రెట్లు, క్రౌన్ పినియన్ దగ్గర 4.88 రెట్లు అవుతుంది. మూడూ గుణిస్తే దాదాపు 25.6. ఇంజన్ తిప్పే బలం చక్రాల దగ్గరికి చేరేసరికి 3,600 న్యూటన్-మీటర్లు దాటుతుంది. టైరు వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు అనుకుంటే, దారిలో పోయే రాపిడిని పక్కన పెట్టి, నేలను వెనక్కి తోసే బలం వెయ్యి కిలోలకు పైమాటే. ఆ బండి బరువు కూడా సుమారు అంతే! తన బరువుకు సమానమైన తోపు ఉన్న బండికి ఇంజన్ కొరత లేదు. తడి నేల మీద అందులో సగం తోపును పట్టి ఉంచడం కూడా టైర్ల వల్ల కాదు. 1947లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన మన ఎంఎం 540 డీజిల్ జీపుల దాకా సూత్రం మారలేదు. లోటు ఎప్పుడూ నేల దగ్గరే.

మరి నేల ఎలాంటిది? బోయినపల్లి చుట్టుపక్కల ఎర్ర చెల్క ఉంది, అక్కడక్కడ నల్ల రేగడి ఉంది, పొలాల మధ్య నల్లరాతి గుట్టలున్నాయి. వీటికి తోడు మిడ్ మానేరు వచ్చింది. మాన్వాడ దగ్గర మానేరు మీద కట్టిన ఈ జలాశయానికి శ్రీ రాజరాజేశ్వర జలాశయమని ప్రభుత్వం పెట్టిన పేరు. నిండితే 27 టీఎంసీలకు పైగా నీళ్లు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు ముంపులో పోయాయి. నీరు తగ్గినప్పుడు బయటపడే ఒండ్రు ఈ ప్రాంతానికి కొత్త రకం నేల.

ఒక్కో నేలకు ఒక్కో టైరు కావాలి. చెల్కలో పైన తడిసిన మట్టి, కింద మొరం ఉంటుంది. సన్నటి టైరు పైపొరను కోసుకుంటూ వెళ్లి మొరాన్ని పట్టుకుంటుంది. పాత జీపుల 6.00-16 టైరు ఆ పనికి భేషైనది. వెడల్పాటి టైరు అదే చోట పైపొర మీద తేలి జారుతుంది. రేగడిది ఇంకో పేచీ. నీరు పీల్చి ఉబ్బే బంకమట్టి అది. రెండు చుట్లలో టైరు గాడులన్నీ నింపేసి దాన్ని నున్నటి గుండు చేసి పెడుతుంది. పళ్లు దూరదూరంగా, గాడులు లోతుగా ఉన్న టైరైతే తిరిగేటప్పుడు మట్టిని విసిరేస్తుంది. ఒత్తుగా ఉన్న టైరు వల్ల అది కాదు.

ఒండ్రు అడుగున పట్టు దొరకదు. దాని మీద తేలాల్సిందే. తేలడానికి గాలి తగ్గించాలి. 1,400 కిలోల బండిలో చక్రానికి 350 కిలోలు పడతాయనుకుందాం. 28 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. కాబట్టి టైరు నేలను ఆనే చోటు దాదాపు 175 చదరపు సెంటీమీటర్లు. గాలి 14కి దించితే అది 350 దాకా పెరుగుతుంది. టైరు పక్కగోడల బిరుసు వల్ల అచ్చంగా రెట్టింపు కాకపోయినా, పెరగడం మాత్రం ఖాయం. ఆనే చోటు వెడల్పు కన్నా పొడవులో ఎక్కువగా సాగుతుంది. మెత్తని నేలలో పనికొచ్చేది ఆ పొడవే. గాలి తగ్గించిన టైర్లతో తారు రోడ్డు మీద వేగంగా పోతే పక్కగోడలు కాగి పగులుతాయి. అందుకని టైరులో గాలి నింపే పంపు ఒకటి బండిలోనే ఉండాలి. టాపు మీద లైట్లకు పెట్టే డబ్బు దీనికి పెట్టడం నయం.

ఇంత చెప్పినా, జలాశయం ఒండ్రులోకి జీపు దింపొద్దనే నా మాట. పైన ఎండి నెర్రెలిచ్చిన పెంకు మనిషిని మోస్తుంది, బండిని మోయదు. పైగా మునిగిన భూముల్లో వ్యవసాయ బావులున్నాయి. పూడిన బావి పైనుంచి చూస్తే మామూలు నేలలాగే కనపడవచ్చు.

వాగు దాటడంలో అసలు ప్రమాదం ఇంజన్‌కు అనుకుంటారు. గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోతే నిజమే, నీరు కుంచించుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అంతకన్నా తరచుగా జరిగేది, చప్పుడు చేయకుండా జరిగేది వేరే ఉంది. రోడ్డు మీద వచ్చిన బండి హౌసింగ్, అంటే డిఫరెన్షియల్ ఉండే ఇరుసు పెట్టె, 70 డిగ్రీల దాకా కాగి ఉందనుకోండి. దాన్ని 28 డిగ్రీల నీళ్లలో దించగానే లోపలి గాలి చల్లబడి పీడనం 12 శాతం పడిపోతుంది. నాలుగడుగుల లోతు నీరు ఎంత బలంగా నొక్కుతుందో, బయటి గాలి పీడనం నీటిని అంత బలంగా లోపలికి తోస్తుంది. అరిగిన ఆయిల్ సీలు దగ్గరో, హౌసింగ్ నెత్తిన ఉండే చిన్న బ్రీదర్ (గాలి రంధ్రం) దగ్గరో నీరు దూరుతుంది. నెల తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె మజ్జిగ రంగులో వస్తుంది. అప్పటికే బేరింగుల మీద తుప్పు మచ్చలు పడి ఉంటాయి. బ్రీదర్‌కు ఒక రబ్బరు పైపు తగిలించి బానెట్ కింద ఎత్తున కట్టేస్తే హౌసింగ్ నీటిని వదిలి పొడి గాలిని పీలుస్తుంది. గేర్‌బాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ (ఫోర్ వీల్, లో రేంజి మార్చే పెట్టె) ఇదే మందు. వాగులో దిగే ముందు పది నిమిషాలు బండి ఆపి చల్లారనిస్తే ఇంకా మేలు.

ఎత్తు పెంచాలనే ఆశ అందరికీ ఉంటుంది. కమాన్ల దగ్గర రెండంగుళాలు లేపితే బాడీ లేస్తుంది, హౌసింగ్ అంగుళం కూడా లేవదు. రాయికి తగిలేదేమో హౌసింగే! దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ వ్యాసంలో పెరిగినదాంట్లో సగం. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే లాభం అంగుళంన్నర. దానికి కట్టే మూల్యం, మొత్తం గేరింగులో పదో వంతు పోవడం. లో గేరు కొంత లో గేరు కాకుండా పోతుంది, బ్రేకుల పట్టూ అంతే తగ్గుతుంది, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. బాడీ లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు పెరుగుతుంది. క్రాస్ జాయింటు వంగి తిరిగినప్పుడు అవతలి వేగం నిలకడగా ఉండదు. 10 డిగ్రీల వంపులో అటూ ఇటూ ఒకటిన్నర శాతం ఊగితే, 20 డిగ్రీల్లో ఆరు శాతం ఊగుతుంది, అదీ ఒక్కో చుట్టుకు రెండుసార్లు. పొట్టి జీపుకు షాఫ్టూ పొట్టిదే కాబట్టి వంపు త్వరగా పెరుగుతుంది. రెండు చివరల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని ఊపును ఇంకొకటి సరిచేస్తుంది. ఎత్తు పెంచే తొందరలో ఆ సంగతి చూసేదెవరు? వణుకు మొదలయ్యాక క్రాస్ మీద క్రాస్ మారుస్తూ పోతారు.

మార్పుల తీరే అది. ఒక చోట బలం పెంచితే భారం పక్క భాగం మీదకు జరుగుతుంది. డిఫరెన్షియల్‌కు లాకర్ (రెండు చక్రాలనూ ఒక్కటిగా తిప్పే బిగింపు) వేస్తే, ఇన్నాళ్లూ సగం టార్కు మోసిన యాక్సిల్ షాఫ్టు ఒక్కోసారి మొత్తం మోయాలి, ముప్పై ఏళ్ల ఇనుము అక్కడ తెగుతుంది. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిరిగినా ఇలాంటి బాధే. ఈ జీపుల్లో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద చాపం తిరగాలి. ఆ తేడా జారడానికి చోటు దొరక్క షాఫ్టులన్నీ మెలిపడతాయి, ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు దాన్ని సుత్తితో కొట్టకండి. కొంచెం రివర్స్ చేస్తే మెలి విడిపోయి దానంతటదే వస్తుంది.

ఇక రోజువారీ సంగతులు. బురదలో తిరిగి వచ్చిన నాడే గ్రీజు కొట్టాలి. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొడితే మట్టీ నీరూ దాంతో వచ్చేస్తాయి. ముందు చక్రాలను జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. కింగ్ పిన్ బేరింగులు వదులైతే అక్కడ లొడలొడ తెలుస్తుంది. ఎరువుల బస్తాలు మోసిన బండైతే చాసిస్ లోపల సుత్తితో తట్టి చూడాలి. యూరియా, డీఏపీ గాల్లో తేమ పీల్చి ఇనుమును తినేస్తాయి. చట్టం సంగతి కూడా మరవొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు. ఇంజన్ మార్పుకు రవాణా శాఖ అనుమతి కావాలి. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు అడిగినప్పుడు ఈ మార్పులన్నీ లెక్కకు వస్తాయి.

ఎంత సింగారించిన జీపైనా ఏదో ఒకనాడు పక్క పొలం ట్రాక్టర్‌కు దండం పెట్టాల్సిందే. ఆ పూట ప్రాణాలు తీసేవి రెండు. మొదటిది, గొలుసును ట్రాక్టర్‌కు ఎత్తున కట్టడం. లాగే చోటు వెనక ఇరుసు కన్నా పైన ఉంటే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ డ్రైవర్ మీదకే తిరగబడుతుంది, దూకే వ్యవధి కూడా ఉండదు. కింది డ్రాబార్‌కే కట్టాలి. జీపు వైపు కొక్కెం చాసిస్‌కు ఉండాలి, బంపరుకు కాదు. రెండోది, తెగిన తాడు. నైలాన్ తాడు సాగి ఎంత శక్తి దాచుకుంటుందో, తెగినప్పుడు కొక్కేన్ని అంత శక్తితోనూ విసురుతుంది. తాడు మధ్యలో తడిపిన గోనెసంచో బొంతో వేస్తే తెగిన కొస నేలకు పడుతుంది. అప్పుడు కూడా తాడుకు ఇరువైపులా ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా ఫోను పట్టుకుని వీడియో తీసేవాళ్లు.