కువైట్ ఎంత దూరం? అక్కడ ఇప్పుడు టైమెంత?

మన కడప జిల్లా నుంచి బతుకుదెరువు కోసం కువైట్‌కు పోయినవాళ్ళు ఎంతోమంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క పల్లెల్లో కూడా అలాంటి ఇళ్ళు ఉన్నాయి.

మా రాత్రిబడికి ఒక అక్క వస్తుంది. ఆమె కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. అక్క తెల్లవారి 5 గంటలకు లేచి, కూలికి పోయేముందు ఫోన్ చేసేది. కూతురు ఎత్తేది కాదు. "నా బిడ్డకు ఏమైందో ఏమో టీచరమ్మా" అని ఒకరోజు బడిలో ఏడ్చింది.

బిడ్డకు ఏమీ కాలేదు. మనకు తెల్లవారి 5 గంటలైతే అక్కడ రాత్రి రెండున్నర. ఆ పిల్ల మంచి నిద్రలో ఉంది!

ఎందుకీ తేడా?

భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకే తూర్పున ఉన్నవాళ్ళకు పొద్దు ముందు పొడుస్తుంది. కువైట్ మనకు పడమట ఉంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది.

ఎంత దూరం?

కడపలో 2015 నుంచి విమానాలు దిగుతున్నాయి. కానీ కువైట్‌కు నేరుగా పోయే విమానం అక్కడ లేదు. చెన్నైకో, హైదరాబాదుకో పోయి ఎక్కాలి.

చెన్నై నుంచి కువైట్‌కు విమానం దారిలో సుమారు 3,800 కిలోమీటర్లు. గంటకు 50 కిలోమీటర్లు పోయే బస్సుకు అంత దూరం పోవాలంటే రాత్రింబగళ్ళు నడిచినా మూడు రోజులు దాటుతుంది. విమానం గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోతుంది. పైకి లేవడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం కూడా కలిపితే సుమారు 5 గంటల ప్రయాణం.

టికెట్టు చదవడం ఎట్లా?

బయలుదేరే టైము బయలుదేరే ఊరిది. దిగే టైము దిగే ఊరిది. ఇది గుర్తు పెట్టుకోండి.

చెన్నైలో ఉదయం 10 గంటలకు విమానం లేచిందనుకోండి. టికెట్టులో కువైట్‌లో దిగేది మధ్యాహ్నం 12:30 అని ఉంటుంది. "రెండున్నర గంటలేనా! ఇంత దగ్గరా?" అనుకుంటాం. కాదు. దానికి రెండున్నర కలపాలి. అప్పుడు 5 గంటలు.

తిరిగి వచ్చేటప్పుడు చూడండి. కువైట్‌లో ఉదయం 10 గంటలకు లేస్తే, చెన్నైలో సాయంత్రం 5:30కి దిగుతుంది. చూపుకు ఏడున్నర గంటలు. అందులో రెండున్నర తీసెయ్యాలి. మళ్ళీ 5 గంటలే.

టికెట్టు మీద 17:30 అని ఉంటే భయపడొద్దు. 17లో నుంచి 12 తీసెయ్యండి. సాయంత్రం 5:30 అన్నమాట.

మీరే లెక్క వెయ్యండి

ఆ అక్క కూతురికి పని అయ్యేసరికి కువైట్‌లో రాత్రి 8 గంటలు అవుతుంది. మరి అక్క మన టైము ప్రకారం ఎన్ని గంటలకు ఫోన్ చెయ్యాలి? మీ నోటుపుస్తకంలో రాయండి.