ట్రాక్టర్ మీద పేరు ఒకటి, అకామా మీద పేరు ఇంకొకటి

అల్ జౌఫ్, హాయిల్, ఖసీం, వాదీ అల్ దవాసిర్ వైపు మజ్రాల్లో ట్రాక్టర్ తోలే మనవాళ్లు ఉన్నారు. పివట్ చూసుకునేవాళ్లు, ఏజెన్సీ వర్క్‌షాపుల్లో మెకానిక్‌లు, హెల్పర్లు కూడా ఉన్నారు. వాళ్లను "ఎక్కడ చేస్తున్నావన్నా?" అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు బండి పేరే. జాన్ డీర్‌లో అంటారు, మాసీలో అంటారు. కానీ బండి మీద పేరున్న కంపెనీ మనకు జీతం ఇవ్వదు, అకామా రెన్యువల్ చేయదు, హిసాబ్ కట్టదు. మరి మన యజమాని ఎవరు? ఆ యజమాని మారితే మన సర్వీసు సంగతేంటి? ఈసారి ఈ రెండు విషయాలు మాట్లాడుకుందాం.

ముందు మన ఊళ్లలో తిరిగే బండ్లనే చూడండి. జాన్ డీర్ 1837 నాటి అమెరికా కంపెనీ. కానీ మన పొలాల్లో దున్నే జాన్ డీర్ ట్రాక్టర్లు తయారయ్యేది పుణేలో, మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో. మాసీ ఫెర్గూసన్ పేరు విదేశీది, మన దగ్గర దాన్ని చేసేది చెన్నై కంపెనీ టాఫే. ఆ పేరు ఎవరిదని అమెరికా కంపెనీ ఆగ్కోకూ టాఫేకూ గొడవ నడిచింది. 2025లో రాజీ కుదిరి, ఇండియా, నేపాల్, భూటాన్‌లలో ఆ పేరు టాఫేదే అయింది. ఫరీదాబాద్ ఎస్కార్ట్స్ మన కంపెనీయే. 2022లో అది జపాన్ కుబోటా చేతికి వెళ్లి ఎస్కార్ట్స్ కుబోటా అయింది. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే మహీంద్రా 2017లో టర్కీలో ఎర్కుంట్ అనే ట్రాక్టర్ కంపెనీని కొన్నది. అంటే అంకారాలో ఉన్న ఆ కార్మికుడికి మనవాళ్లే విదేశీ యజమానులు.

కాబట్టి స్వదేశీ, విదేశీ అన్నది బండి రంగు చూసి చెప్పే మాట కాదు. పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, ఫ్యాక్టరీ మరో దేశంలో. కార్మికుడి వైపు నుంచి చూస్తే ఈ మార్పులు రెండు రకాలు.

మొదటిది, ఫ్యాక్టరీ అక్కడే ఉంటుంది, యజమాని మారతాడు. ఎస్కార్ట్స్‌లో జరిగింది ఇదే. రెండోది, యజమాని అతనే, పని వేరే దేశానికి పోతుంది. జాన్ డీర్ అమెరికాలో అదే చేసింది. అయోవా రాష్ట్రం వాటర్లూలో చేసే ట్రాక్టర్ క్యాబిన్ల పనిని మెక్సికోకు మారుస్తామని 2022లో చెప్పింది. 2024లో అయోవా, ఇల్లినాయ్ ఫ్యాక్టరీల్లో వందల మందిని తీసేసింది. అంతకు ముందు 2021లో అక్కడి కార్మికులు పది వేల మందికి పైగా సుమారు ఐదు వారాలు సమ్మె చేసి, మొదటి ఏడాదే 10 శాతం జీతం పెంచుకున్నారు. కాగితం మీద రాయించుకున్న పెంపు వాళ్లకు వచ్చింది. పని మెక్సికో పోవడాన్ని మాత్రం ఆపలేకపోయారు.

ఇక సౌదీ సంగతి. ఇక్కడ యంత్రం బయటి నుంచి వస్తుంది, అమ్మేది ఇక్కడివాళ్లు, తోలేది, బాగుచేసేది మనలాంటి వాళ్లం. 1962 నాటి కమర్షియల్ ఏజెన్సీ చట్టం ప్రకారం ఏజెన్సీ సౌదీల పేరు మీదే ఉండాలి. అందుకే పెద్ద పెద్ద విదేశీ కంపెనీల బండ్లు కూడా ఇక్కడి వ్యాపార కుటుంబాల ద్వారానే మార్కెట్‌లోకి వచ్చాయి. 1980లలో సర్కారు గోధుమకు మంచి ధర ఇచ్చి కొన్నది. ఎడారిలో పివట్లు, ట్రాక్టర్లు, హార్వెస్టర్లు దిగాయి. తర్వాత భూగర్భ జలం తరిగిపోతోందని 2008లో కొనుగోలును ఏటా 12.5 శాతం తగ్గించాలని నిర్ణయించారు. 2016 నాటికి అది ఆగిపోయింది. ఇలా పంట మారినప్పుడు మజ్రాలు చేతులు మారతాయి, వర్క్‌షాపులు అమ్ముడుపోతాయి. అక్కడ పనిచేసేవాళ్లకు ఒకరోజు కొత్త కాగితం తెచ్చి "సంతకం పెట్టు" అంటారు.

ఆ సంతకానికి ముందు సౌదీ కార్మిక చట్టంలోని 18వ ఆర్టికల్ గుర్తుపెట్టుకోండి. సంస్థ కొత్త యజమాని చేతికి వెళ్లినా, దాని చట్టపరమైన రూపం మారినా, మన కాంట్రాక్టు అలాగే నడుస్తుంది. సర్వీసు తెగిపోయినట్టు కాదు. మార్పుకు ముందు రావాల్సిన జీతం, సర్వీసు డబ్బులకు పాత యజమాని, కొత్త యజమాని ఇద్దరూ బాధ్యులే. ఒక్క మనిషి పేరు మీద నడిచే సంస్థ అయితే, పాత బకాయిలన్నీ కొత్తాయన మీదికి మార్చాలంటే కార్మికుడి రాతపూర్వక ఒప్పుకోలు ఉండాలి. మనం ఒప్పుకోకపోతే కాంట్రాక్టు ముగించమని అడిగి, పాత యజమాని దగ్గరే హిసాబ్ తీసుకోవచ్చు.

లెక్కల్లో చూద్దాం. ఒక మెకానిక్ చివరి జీతం 1,500 రియాళ్లు అనుకోండి. నాలుగేళ్ల తర్వాత యజమాని మారాడు, ఆ తర్వాత ఇంకో మూడేళ్లు చేశాడు. మొత్తం ఏడేళ్లు. 84వ ఆర్టికల్ ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం. అంటే 3,750, దాని మీద 3,000, మొత్తం 6,750 రియాళ్లు. పాత సర్వీసు డబ్బులు తీసుకోకుండా "ఈరోజు నుంచే కొత్తగా చేరాను" అన్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, కంపెనీ మూడేళ్లకే లెక్క కట్టి 2,250 చేతిలో పెడుతుంది. తానే రాజీనామా చేసినా తేడా పెద్దదే. ఏడేళ్లకు మూడింట రెండు వంతులు, అంటే 4,500 రావాలి. మూడేళ్లకైతే మూడింట ఒక వంతే, 750. ఒక్క సంతకంతో పోయే డబ్బు ఇది.

మజ్రాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. "మజ్రా వాళ్లకు లేబర్ చట్టం లేదు" అని ముదీర్లు అంటుంటారు. అది సగం నిజమే. వ్యవసాయ కూలీల్లో చాలామందిని ఈ చట్టం పక్కన పెట్టింది. కానీ 2005 నాటి ఇదే చట్టం 5వ ఆర్టికల్ కొందరిని లోపలే ఉంచింది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న మజ్రాల కార్మికులు, అలాగే వ్యవసాయ యంత్రాలను పర్మనెంటుగా నడిపేవాళ్లు, బాగుచేసేవాళ్లు ఆ చట్టం కిందికే వస్తారు. కాబట్టి రోజూ ట్రాక్టర్ తోలుతున్నా అకామా మీద మజ్రా కూలీ అని ఉంటే, మన అసలు పని ఏమిటో చూపించే ఆధారం మన దగ్గర ఉండాలి. డ్యూటీ షీట్, రిపేరు చిట్టీ, ముదీర్ పంపిన వాట్సాప్ మెసేజ్, ఏదైనా పనికొస్తుంది. పారేయకండి.

ఒకరి అకామా మీద ఉండి ఇంకొకరి వర్క్‌షాపులో చేయడం మాత్రం ప్రమాదం. 39వ ఆర్టికల్ దానికి ఒప్పుకోదు. మనిషిని పనికి అప్పుగా పంపాలంటే అజీర్ పర్మిట్ ఉండాలి. అది లేకుండా పట్టుబడితే యజమానికీ ఇబ్బందే, మనకూ ఇబ్బందే.

అందుకే ఈ శుక్రవారం సెలవులో ఒక గంట ఈ పని చేయండి. ఖివాలో మీ కాంట్రాక్టు తెరిచి, యజమాని పేరు, చేరిన తేదీ, పని పేరు, జీతం చూడండి. అబ్షర్‌లో ఉన్న యజమాని పేరు, బ్యాంకులో జీతం వేసే సంస్థ పేరు దానితో సరిపోతున్నాయా చూడండి. మూడింటికీ స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు కూడా పంపి ఉంచండి. యజమాని మారుతున్నాడని తెలిస్తే, పాత సర్వీసు కలుస్తుందా, లేక పాత హిసాబ్ ముందే ఇస్తారా అని రాతలో అడగండి. అరబీ కాగితం అర్థం కాకపోతే ఫొటో తీసి తెలిసినవాళ్లతో చదివించుకోండి. అప్పటిదాకా సంతకం వద్దు.

మాట వినకపోతే మానవ వనరుల మంత్రిత్వ శాఖ నంబరు 19911కి ఫోన్ చేయండి. ముందు రాజీ ప్రయత్నం, దానికి 21 రోజులు. కుదరకపోతే కేసు లేబర్ కోర్టుకు పోతుంది. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 12 నెలల లోపలే కేసు వేయాలి. ఖురూజ్ మీద ఇంటికి పోయాక చూసుకుందాంలే అనుకోవద్దు. రియాద్‌లో మన ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి, అక్కడ కూడా చెప్పుకోవచ్చు. ఎవరి దగ్గరికి పోయినా ముందు అడిగేది కాంట్రాక్టు కాపీయే. అది మీ ఫోన్లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.