మంగపట్నం వంతెన: సెకనుకు ఎన్ని నీళ్లు?

కమలాపురంలో గుంతకల్లు వైపు బండెక్కితే ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటాక మంగపట్నం వస్తుంది. 1902 సెప్టెంబరు 12న అక్కడ వరదకు రైలు వంతెన కొట్టుకుపోయి, మద్రాసు–బొంబాయి దారిలో నడిచే మెయిల్ నీళ్లలో పడింది. మృతులు 71 మంది అని రికార్డు.

కడప జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లు. ఇంత కరువు నేలలో రైలు వరదపాలెలా అయింది? ఏడాది సగటుతో వంతెన లెక్క తేలదు. వాన ఎన్ని గంటల్లో కురిసిందో చూడాలి.

ఒక వంకకు 50 చదరపు కిలోమీటర్ల నేల నుంచి నీళ్లు చేరతాయనుకుందాం. రాత్రికి రాత్రి 100 మిల్లీమీటర్లు పడి, అందులో సగం ఇంకిపోయినా వంకలోకి దిగేవి 25 లక్షల ఘనపు మీటర్లు. అవన్నీ మూడు గంటల్లో పోవాలంటే వంతెన కింద సెకనుకు 2 లక్షల 30 వేల లీటర్లు పారాలి. ఖానాలు చాలకపోతే ఎగువన నీళ్లు ఎగదన్నుతాయి. ఉన్న ఖానాల్లోంచి ఉరవడిగా దూరి పునాదుల కింది ఇసుకను తోడేస్తాయి. పైన పట్టాలు వేలాడుతూనే ఉండొచ్చు, చీకట్లో డ్రైవరుకు తేడా తెలియదు. ఎగువన చెరువు తెగిందంటే ఈ లెక్కా చాలదు. సీమలో చెరువులు గొలుసుకట్టు, ఒకటి తెగితే దాని కిందదానికీ ముప్పే.

మంగపట్నం మీదుగా వెళ్లే మద్రాసు రైల్వే లైను రాయచూరులో బొంబాయి లైనును కలిసింది 1871లో. వంతెనకు ఎన్ని ఖానాలు కావాలో తేల్చడానికి జిల్లాల్లో దీర్ఘకాలపు వాన లెక్కలు లేని రోజులవి.

మంగపట్నంతో ఆగిందా? 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర, 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్–జడ్చర్ల మధ్య, 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఇదే తీరు. ప్రతిసారీ వందమందికి పైగా పోయారు. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నందలూరు–రాజంపేట మధ్య పట్టాలు కొట్టుకుపోయాయి. అదే వరదల్లో కమలాపురం దగ్గర పాపాగ్నిపై రోడ్డు వంతెన కూలింది.

ఇప్పుడు వానాకాలం రాత్రుల్లో గస్తీవాళ్లు పట్టాల వెంట నడుస్తారు. దారి తెగినట్టు కనిపిస్తే 600 మీటర్ల దూరాన ఒకటి, 1200 మీటర్ల దూరాన మూడు పేలుడు సిగ్నళ్లు పట్టాలపై పెట్టి బండిని ఆపాలి. తెగితే లైనుకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా కూడా రైల్వే దగ్గర ఉంటుంది. ఏటా వానలకు ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని తనిఖీ చేయాలి. ఆ జాబితాను ఆయా ఊళ్ల పంచాయతీ గోడ మీద కూడా రాయించాలంటాను. కట్టకు పడిన బుంగ ముందు కంటపడేది ఆయకట్టు రైతుకే.