ఒంటికి రాసే వెన్న మన వంటింట్లోనే!

చలి ముదిరిందంటే చాలు, మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఆడవాళ్ల మాటలన్నీ కాళ్లపగుళ్ల చుట్టూ తిరుగుతాయి. తెల్లవారుజామున వణికించే చలి, పగలంతా పొడిగాలి. వాటికి తోడు ఉప్పు బోరునీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు సరికదా, తెల్లటి పొరలా ఒంటికి అంటుకుంటుంది. గోటితో గీస్తే చేతిమీద ముగ్గు పడుతుంది!

ఇక షాపుకెళ్తే అద్దాల బీరువాలో ‘బాడీ బటర్’ డబ్బాలు నోరూరిస్తుంటాయి. మూత మీద ఏ దేశపు చెట్టో, పక్కనే ‘కెమికల్స్ లేవు’ అన్న మాట. ధర మాత్రం వందల్లో. ఆ డబ్బాలో ఉన్నదేమిటో తెలిస్తే, అది మన కవ్వానికి లొంగే పనేనని మీరే అంటారు.

ఏమిటీ వెన్న?

పేరుకే వెన్న గానీ పాలతో దీనికి సంబంధం లేదు. కొన్ని చెట్ల గింజల్లో ఉండే కొవ్వు మామూలు వేడిలో నూనెలా పారకుండా గడ్డకట్టి ఉంటుంది. దాన్నే వెన్న అంటున్నారు. షియా వెన్న పశ్చిమ ఆఫ్రికా నుంచి వస్తుంది. అక్కడి ఆడవాళ్లు గింజలు ఏరి, ఎండబెట్టి, వేయించి, నూరి, నీళ్లు పోసి చేత్తో చిలికి తీస్తారు. కోకో వెన్న చాక్లెట్ గింజలది. ఆ కోకో మన ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండుతోంది. కోకమ్ వెన్న కొంకణ తీరానిది.

ఇంకో ముచ్చట. షియా, మన ఇప్ప, మనం తినే సపోటా మూడూ ఒకే కుటుంబపు చెట్లు. ఇప్పగింజల్లోంచి తీసే నూనె చలికాలంలో నెయ్యిలా పేరుకుంటుంది. ఆదిలాబాద్ గోండు పల్లెల్లో వంటకీ, దీపానికీ, ఒంటికీ దాన్నే వాడుకుంటూ వచ్చారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల దగ్గర కొన్న అటవీ సరుకుల్లో ఇప్పగింజలూ ఉన్నాయి. ఆఫ్రికా అక్క డబ్బాలో చేరి బజారుకెక్కింది, మన చెల్లెలు మాత్రం అడవిలోనే ఉండిపోయింది!

మామిడి సంగతి చూడండి. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రమే ఉంది, మామిడి మనకు కొత్త కాదు. పండు తిని టెంక పెంటలో వేస్తాం. ఆ టెంకలోని జీడిలో చక్కటి వెన్న ఉంది. యూరప్ దేశాలు 2000లో చేసిన నిబంధన ప్రకారం చాక్లెట్లో కోకో వెన్నతో పాటు కొద్దిగా కలపదగ్గ ఆరు కొవ్వుల్లో మామిడి జీడి వెన్న, కోకమ్, షియా మూడూ ఉన్నాయి. అయితే జీడి నుంచి వెన్న తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. శుద్ధి చేసినది కొనుక్కోవాల్సిందే. మనం ఇంట్లో చేసేది కరిగించి, కలిపి, చిలకడం.

తడి మీద మూత

చర్మం పైపొరని ఇటుక గోడ అనుకోండి. ఇటుకల మధ్య సున్నంలా కొవ్వు ఉంటుంది. చలిగాలి, సబ్బు, వేడినీళ్లు ఆ సున్నాన్ని కడిగేస్తే లోపలి తేమ ఆరిపోతుంది. వెన్న చర్మానికి నీళ్లు పోయదు. ఉన్న తడి ఎగిరిపోకుండా మూత పెడుతుంది, అంతే. అందుకే పొడి ఒంటికి ఎంత పూసినా జిడ్డే మిగులుతుంది. స్నానం చేసి, తుండుతో అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే రాయాలి. పది రూపాయల కొబ్బరినూనె అయినా ఈ కిటుకుతో రెట్టింపు పనిచేస్తుంది.

కలిపే నూనె సంగతీ చూసుకోవాలి. ఆలివ్ నూనె రాస్తే చర్మపు గోడ బలహీనపడిందనీ, పొద్దుతిరుగుడు నూనె రాస్తే చెక్కుచెదరలేదనీ 2013లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఎక్కువుండటమే దాని బలమంటారు. మామూలు కుసుమ నూనెలోనూ అది దండిగా ఉంటుంది. కుసుమలు మన జహీరాబాద్ చేలల్లో పండే పంటే. గానుగ నూనె దొరికితే వదలొద్దు.

చేసే విధానం

చలికాలానికైతే మామిడి వెన్న (లేదా షియా) 60 గ్రాములు, కుసుమ నూనె 40 గ్రాములు. కాటా లేకపోతే మూడు చెంచాల కరిగిన వెన్నకి రెండు చెంచాల నూనె.

ఎండాకాలం మన దగ్గర ఇది పాయసమైపోతుంది. అప్పుడు మామిడి వెన్న 45, కోకమ్ వెన్న 25, నూనె 25, తేనెమైనం 5 గ్రాములు తీసుకోండి. కోకమ్, మైనం కలిస్తే కాస్త గట్టిగా నిలుస్తుంది.

వెడల్పు గిన్నెలో నీళ్లు వేడిచేసి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టండి. మైనం ఉంటే ముందు అది కరగాలి, తర్వాత వెన్నలు. మంట చిన్నదిగా ఉండాలి, నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. కరిగాక దించి నూనె కలపండి. లోపలి గిన్నెలో ఒక్క నీటిచుక్క పడకూడదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. నెమ్మదిగా చల్లారితే షియా వెన్న రవ్వరవ్వగా అవుతుంది. అంచులు పేరుకుని, నడుమ మీగడలా ఉన్నప్పుడు తీసి, పొడి కవ్వంతోనో బీటర్‌తోనో పది నిమిషాలు చిలకండి. తెల్లగా పొంగి, వేలితో తీస్తే నిలబడాలి. బాగా ఆరిన సీసాలో పెట్టి, చేసిన తేదీ రాసి అతికించండి.

కరిగిపోతే పాడైనట్టు కాదు. మళ్లీ చల్లబరిచి చిలుక్కోవచ్చు. పాత కొబ్బరిచిప్ప వాసన వస్తే మాత్రం పారేయండి. కొంచెం కొంచెం చేసుకుని మూడు నెలల్లో వాడేస్తే మేలు.

చాలామంది కలబంద గుజ్జు, రోజ్‌వాటర్, నిమ్మరసం కలపమంటారు. వద్దు. నీళ్లు చేరితే బూజు, సూక్ష్మజీవులు చేరతాయి. బజారు లోషన్‌లో నీళ్లుంటాయి కాబట్టే నిల్వ ఉండే మందు కలుపుతారు, అది తప్పేం కాదు. విటమిన్ ‘ఇ’ చుక్కలు నూనె త్వరగా చెడకుండా చూస్తాయి గానీ సూక్ష్మజీవుల్ని ఆపలేవు. అన్నట్టు, ‘కెమికల్స్ లేవు’ అన్న మాట ఫార్మా కంపెనీల మధ్య కాపురముంటున్న మనకి చెప్పడం నవ్వులాటే. ఇప్పనూనెలో ఉన్నవీ రసాయనాలే. ఏది, ఎంత, ఎక్కడ అన్నదే ప్రశ్న.

వెన్న చేయలేని పని

మా వీధిలో ఒక చెల్లెలు మాత్రల ప్యాకింగులో పనిచేస్తుంది. ఎనిమిది గంటలు రబ్బరు గ్లౌజులు, తీసినప్పుడల్లా చేతులు కడుక్కోవడం. ‘‘అక్కా, పచ్చడి కలుపుకుంటే వేళ్లు మండిపోతున్నయి. బిడ్డకి జడేద్దామంటే నీ చెయ్యి గీరుకుంటుందమ్మా అని దూరం జరుగుతుంది’’ అంది. ఆ మాటకి నా గుండె చివుక్కుమంది. చిన్న సీసా ఇచ్చి, రాత్రి పూట తడి చేతులకి రాసి నూలు గ్లౌజులు తొడుక్కోమన్నాను.

రెండు వారాలకి అరచేయి మెత్తబడింది. కానీ మణికట్టు దగ్గర దురద, ఎర్రటి పొక్కులు అలాగే ఉన్నాయి. ‘‘ఇంకో సీసా ఇయ్యక్కా’’ అంటే, ‘‘ఇది వెన్నతో తగ్గేది కాదమ్మా, చర్మం డాక్టరుకి చూపించు’’ అన్నాను. ఈఎస్ఐ కార్డుతో వెళ్లింది. వీపు మీద రకరకాల పదార్థాలు అతికించి రెండు రోజులకోసారి చూసే ప్యాచ్ టెస్టు చేశారు. రబ్బరు గ్లౌజుల తయారీలో కలిపే ఒక రసాయనం ఆమెకి పడదని తేలింది. డాక్టరు చీటీ చూపిస్తే పనిచోట వేరే రకం గ్లౌజులిచ్చారు. అప్పుడు గానీ పొక్కులు తగ్గలేదు.

పనిచోట అంటుకునే జబ్బుని ఇంటి చిట్కాతో కప్పిపెట్టుకుంటే, ఓర్చుకోవడం మన వంతు, తప్పించుకోవడం కంపెనీ వంతు అవుతుంది. సెలవు రోజుల్లో తగ్గి, డ్యూటీకి వెళ్లగానే ముదిరే దురద ఉంటే పని మీదే అనుమానపడాలి. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబులు అసలే వద్దు, చర్మం పల్చబడిపోతుంది. ఇలాంటి 14 స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది.

ఇవి మరవకండి

మొదటిసారి మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. మొటిమలున్న ముఖానికి ఇది వద్దు. చీము, నెత్తురు ఉన్న పగుళ్లకి, షుగరు ఉన్నవాళ్ల కాలి పుండ్లకి డాక్టరే దిక్కు. పసిపిల్లలకి రాసేదాంట్లో కర్పూరం, ఘాటైన సువాసన నూనెలు కలపొద్దు. మడమలకి రాసుకుంటే మేజోళ్లు వేసుకోండి, నున్నటి గచ్చు మీద జారి పడతారు. జిడ్డు పీల్చుకున్న చీరకొంగుకి నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి రాసుకుని నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు.

ఇంట్లో అందరి ఒంటికీ నూనె రాసే చేతులు మనవే. ఆ చేతులకి రాసుకోవడం మాత్రం అందరూ పడుకున్నాక గుర్తొస్తుంది, ఒక్కోసారి అదీ గుర్తురాదు. సీసాని అలమరలో దాచొద్దు, గిన్నెలు తోమే చోట కిటికీలో పెట్టండి. చేయి కడిగిన ప్రతిసారీ కంటపడుతుంది.